పక్కింటి గోడ లేచి వెలుతురు పోతే బెంగళూరులో ఏ దారి పట్టాలి?

బెంగళూరులో మన తెలుగువాళ్లు ఇళ్లు కట్టుకున్న ఏ లేఅవుట్‌కి వెళ్లినా ఒక గోడ తగువు వినపడుతుంది. రామమూర్తినగర్, హొరమావు, కేఆర్ పురం వైపు 30×40, 20×30 సైట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. నిన్నటిదాకా ఖాళీగా ఉన్న పక్క సైట్‌లో ఒకరోజు జేసీబీ దిగుతుంది, ఏడాది తిరిగేసరికి నాలుగంతస్తులు లేస్తాయి, మీ వంటింటి కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో సిమెంటు గోడ. అప్పుడు అందరూ అడిగేది ఒకటే. ఆయనతో మాట్లాడాలా, కార్పొరేషన్‌కి రాయాలా, కోర్టులో స్టే తెచ్చుకోవాలా, పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలా?

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ దారి మంచిదన్నది పక్కాయన ఎంత మొండివాడన్నదాన్ని బట్టి తేలదు, మీరు పోగొట్టుకున్నది ఏమిటన్నదాన్ని బట్టి తేలుతుంది. నేల పోయిందా, వెలుతురూ గాలీ పోయాయా, లేక కిటికీలోంచి కనపడే చెట్లూ చెరువూ పోయాయా? ఈ మూడింటికీ చట్టం ఇచ్చే బలం ఒకటి కాదు. చెరువు కనపడటం లేదని కోర్టుకెక్కి ఏళ్లకేళ్లు వాయిదాలు తిరిగేవాళ్లు ఒకవైపు, అడుగు నేల పోతుంటే "పోనీలే, ఎదురుపడితే మొహాలు చూసుకోవాలి కదా" అని ఊరుకుని తర్వాత ఆ అడుగు శాశ్వతంగా వదులుకునేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరి పరిస్థితీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే మొదట్లో ఒక గంట కూర్చుని ఆలోచించి ఉంటే ఇద్దరూ ఆ నష్టం తప్పించుకునేవాళ్లు.

## మీకు పోయింది ఏది?

నేల పోతే మీ బలం అన్నిటికంటే ఎక్కువ. దస్తావేజులో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దుల వివరం) ఉంది, తూర్పు-పడమర ఎన్ని అడుగులు, ఉత్తరం-దక్షిణం ఎన్ని అడుగులు అని కొలతలున్నాయి, కొలిస్తే తేలిపోతుంది. పక్కాయన కాంపౌండ్ గోడ మీ సైట్‌లోకి తొమ్మిది అంగుళాలు వచ్చినా అది ఆక్రమణే. కాకపోతే దీనికి గడువుంది. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మీ నేల ఇంకొకరి స్వాధీనంలో, మీ హక్కుని కాదంటూ, బహిరంగంగా 12 ఏళ్లు ఉండిపోతే దాన్ని తిరిగి అడిగే హక్కు పోతుంది. గోడ విషయంలో మొహమాటం ఖరీదు అక్కడ తెలుస్తుంది.

వెలుతురూ గాలీ పోతే మీకు హక్కు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం 15వ సెక్షన్ చెప్పేదేమిటంటే, ఒక ఇంటి కిటికీలోంచి 20 ఏళ్లపాటు శాంతిగా, ఆటంకం లేకుండా, ఎవరి దయా లేకుండా వెలుతురు వస్తూ ఉంటే ఆ వెలుతురు మీద ఆ ఇంటికి హక్కు ఏర్పడుతుంది. పక్కన ఉన్నది ప్రభుత్వ స్థలమైతే 30 ఏళ్లు. పక్కాయన అనుమతితో ఆయన వైపు కిటికీ పెట్టుకున్నారా, అలా గడిచిన ఏళ్లు లెక్కలోకి రావు. ఇంకో మెలిక ఉంది. ఆ 20 ఏళ్లు కేసు వేయడానికి ముందు రెండేళ్లలోపు ముగిసి ఉండాలి, అంటే కిటికీ మూసుకుపోయాక రెండేళ్లు దాటించి లాయర్ దగ్గరికి వెళ్తే పాతికేళ్ల వెలుతురైనా చేతికి రాదు.

హక్కు పుట్టేది ఆ కిటికీకి, అందులోంచి అన్నాళ్లూ వచ్చిన మేరకు వెలుతురికి మాత్రమే. జయనగర్‌లోనో మల్లేశ్వరంలోనో 40 ఏళ్ల పాత ఇల్లు కొని, పడగొట్టి, నాలుగంతస్తులు కట్టి, పాత ఇంటి వయసు చూపించి పైఅంతస్తుల కొత్త కిటికీలకి హక్కు అడిగితే కుదరదు. పెరట్లో పడే ఎండకీ, డాబా మీద వీచే గాలికీ కూడా ఈ హక్కు రాదు. ఖాళీ జాగాకి వచ్చే వెలుతురునీ గాలినీ 17వ సెక్షన్ స్పష్టంగా మినహాయించింది, తులసికోట దగ్గర ఎండ పడటం లేదన్నది ఎంత నిజమైన బాధైనా ఈ చట్టం కింద కేసు కాదు. చివరిగా, వెలుతురు కొంచెం తగ్గితే చాలదు. ఆ గదిలో ఉండేవాళ్ల సౌకర్యం గట్టిగా దెబ్బతిందని, లేదా అక్కడ చేసుకునే పని సాగడం లేదని, లేదా ఇంటి విలువే తగ్గిందని 33వ సెక్షన్ కింద చూపించాలి.

చూపు పోతే, అంటే బాల్కనీలోంచి కనపడే చెరువో, పార్కో, సూర్యోదయమో పోతే, చట్టం మీ వైపు లేదు. ఈ మాట చాలామందికి మింగుడుపడదు. 1610లో ఇంగ్లండ్‌లో విలియం ఆల్డ్రెడ్ అనే ఆయన పక్కవాడి పందుల కొట్టం మీద వేసిన కేసులో జడ్జీలు ఒక గీత గీశారు. వెలుతురూ మంచి గాలీ మనిషికి అవసరం, వాటిని అడ్డుకుంటే దావా వేయొచ్చు. కంటికి ఇంపైన దృశ్యం సంతోషం కోసమే, దానికి దావా లేదు అని. ఆ గీత మన దగ్గరికీ వచ్చింది. 20 ఏళ్లు కాదు, 50 ఏళ్లు చూసినా చెరువు చూసే హక్కు పుట్టదు. అది కాగితం మీద రాసుకుంటేనే వస్తుంది, ఆ సంగతి కింద చెప్తాను.

"కక్షతోనే కట్టాడు" అని చాలామంది అంటారు, అది నిజం కూడా కావచ్చు. కానీ తన హద్దులో, రూల్ ప్రకారం కట్టినవాడి మనసులో ఏముందో నిరూపించినంత మాత్రాన గోడ కూలదు. ఆ గోడ ఏదైనా రూల్‌నో మీ హక్కునో దాటిందని చూపించాల్సిందే.

## దారి ఎంచుకునే ముందు ఇంకొన్ని ప్రశ్నలు

గోడ ఏ దశలో ఉంది? పునాది తీస్తున్నప్పుడు ఆపడం, నాలుగో శ్లాబ్ పడ్డాక కూల్చమనడం, ఈ రెండూ కోర్టు కళ్లకి ఒకటి కావు. పని జరుగుతుంటే చూస్తూ ఊరుకుని అంతా అయ్యాక ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఆదేశం) అడిగితే, ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో 41వ సెక్షన్ ఒప్పుకుని ఊరుకున్నవాడికి ఇంజంక్షన్ ఇవ్వొద్దనే చెప్తుంది. కాబట్టి మీరు ఏ దారి పట్టినా సరే, మొదటి వారంలోనే ఒక ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మర్యాదగా రాయండి, తేదీ ఉండాలి, అభ్యంతరం స్పష్టంగా ఉండాలి, ఒక కాపీ మీ దగ్గరుండాలి.

మీ ఇల్లు ప్లాన్ ప్రకారమే ఉందా? ఇది అడిగితే చాలామంది మొహం తిప్పుకుంటారు, కానీ అడగాల్సిన ప్రశ్న. బెంగళూరులో చిన్న సైట్లలో సెట్‌బ్యాక్ (హద్దుకీ ఇంటి గోడకీ మధ్య రూల్ ప్రకారం ఉంచాల్సిన ఖాళీ) పూర్తిగా వదిలి కట్టిన ఇళ్లు తక్కువ. పక్కాయన సెట్‌బ్యాక్ మీద మీరు ఫిర్యాదు చేస్తే, మీ ఇంటి మీద ఆయన రెండో ఫిర్యాదు పెడతాడు, ఇంజనీర్ వచ్చి రెండు ఇళ్లూ కొలుస్తాడు. సక్రమం చేసే స్కీమ్ వస్తుందిలే అని ధైర్యంగా ఉండకండి, అక్రమ-సక్రమ అనే ఆ స్కీమ్ మీద సుప్రీంకోర్టు 2017లోనే స్టే ఇచ్చింది.

ఆ పక్కింట్లో ఎవరుంటారు, ఎన్నాళ్లుంటారు? కట్టి అమ్ముకుని వెళ్లిపోయే బిల్డర్‌తో తగువు వేరు, రేపు మీ అమ్మగారికి అర్ధరాత్రి ఆయాసం వస్తే కారు తీయాల్సిన పక్కింటి అంకుల్‌తో తగువు వేరు.

## ఒక్క చూపులో

| దారి | దేనికి పనికొస్తుంది | ఎప్పుడు | డబ్బు, కాలం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| మాట్లాడి, కలిసి కొలిచి, రాసుకోవడం | నేల, వెలుతురు, చూపు మూడింటికీ | పునాది కంటే ముందు అయితే మేలు | సర్వేయర్ ఫీజు, రిజిస్ట్రేషన్ ఖర్చు. వారాల్లో అవుతుంది | ఇద్దరూ ఒప్పుకోవాలి |
| మీడియేషన్, లోక్ అదాలత్ | మాటలు కుదరనప్పుడు, కానీ సంబంధం తెగనప్పుడు | కేసుకి ముందైనా, మధ్యలోనైనా | ఖర్చు చాలా తక్కువ | అవతలివాళ్లు రాకపోతే ఆగిపోతుంది |
| కార్పొరేషన్ ఫిర్యాదు | సెట్‌బ్యాక్, ఎత్తు, ప్లాన్ దాటిన కట్టడం | పని జరుగుతున్నప్పుడు | ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ | మీ ఇల్లూ కొలుస్తారు |
| సివిల్ కోర్టు | నేల; 20 ఏళ్లు దాటిన కిటికీ వెలుతురు | వెంటనే | లాయర్ ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు | పక్కింటితో సంబంధం తెగుతుంది |
| పోలీసులు | కొట్లాట, బెదిరింపు, గోడ పడగొట్టడం | అప్పటికప్పుడు | ఖర్చు లేదు | హద్దు వాళ్లు తేల్చరు |
| రెరా (బిల్డర్ల మీద ఫ్లాట్ కొన్నవాళ్లు ఫిర్యాదు చేసే సంస్థ) | బిల్డర్ చూపిస్తానన్న వ్యూ | కాగితాల్లో ఉంటే | లాయర్ లేకుండా కూడా వేయొచ్చు | పక్క స్థలం వేరేవాళ్లదైతే పనికిరాదు |
| ఇంటినే మార్చుకోవడం | వెలుతురు మాత్రమే | ఎప్పుడైనా | మేస్త్రీ ఖర్చు | హక్కు ఏమీ రాదు |

## మాట్లాడి, కలిసి కొలిచి, రాసుకోవడం

ఈ దారికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పెద్దమనిషి తరహా సలహా అని కొట్టిపారేయకండి, చూపు విషయంలో మీకున్న బలమైన దారి ఇదొక్కటే, నేల విషయంలో అన్నిటికంటే చవకైనదీ ఇదే. "అంకుల్, మీరు గోడ మొదలుపెట్టేముందు ఒకసారి ఇద్దరం కలిసి కొలిపిద్దాం, ఫీజు చెరిసగం పెట్టుకుందాం" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ, కాదన్నారంటే ఆ సంగతీ మీకు తర్వాత పనికొస్తుంది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. మీ రెండు సైట్ల మధ్య మాత్రమే టేపు పెడితే తేలదు. వరసలో మొదటి సైట్‌వాడు అర అడుగు జరిగి కడితే ఆ వరసంతా అర అడుగు జరుగుతుంది, చివరికి మీరూ పక్కాయనా ఒకరినొకరు దొంగలనుకుంటారు, నిజానికి ఇద్దరిలో ఎవరూ కాదు. లేఅవుట్ ప్లాన్ చేతిలో పెట్టుకుని రోడ్డు మూల నుంచో, కదలని లేఅవుట్ రాయి నుంచో కొలవాలి. టోటల్ స్టేషన్ అనే యంత్రంతో కొలిచే ప్రైవేటు సర్వేయర్లు దొరుకుతారు. బీడీఏ (బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం) ఇచ్చిన సైట్ అయితే స్వాధీన పత్రంలో ఉన్న కొలతలు ముందు పెట్టుకోండి. రెవెన్యూ సైట్‌లో (లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిలో వేసిన సైట్) అసలు సర్వే నంబరు హద్దు దగ్గరే గొడవుంటే సర్వే శాఖలో హద్దుబస్తుకి దరఖాస్తు పెట్టాలి, వాళ్లు చుట్టుపక్కలవాళ్లకి నోటీసు ఇచ్చి వచ్చి కొలిచి రాళ్లు చూపిస్తారు.

వాస్తు గురించి ఇక్కడే చెప్పాలి, మన ఇళ్లలో సగం గోడ తగువులు దాని దగ్గర మొదలవుతాయి కాబట్టి. పడమర గోడ తూర్పు గోడ కంటే ఎత్తుండాలని మీరు లేపుతారు. మీ పడమర గోడ ఆయనకి తూర్పు గోడ. ఆయన కూడా వాస్తు చూసేవాడే, తూర్పు మూసుకుపోయిందని ఆయనకి నిద్ర పట్టదు. ఇద్దరి నమ్మకమూ నిజాయితీగలదే, కానీ ఉమ్మడి గోడతో ఇద్దరికీ వాస్తు కుదరదు. ఇలాంటిచోట ఎవరి హద్దులో వాళ్లు వేరే గోడ కట్టుకోవడం, పైభాగం గోడకి బదులు జాలీ పెట్టుకోవడం లాంటివి మాటల్లోనే తేలతాయి, ఏ కోర్టూ వాస్తు కోసం తీర్పు ఇవ్వదు.

అడగదగ్గ చిన్న చిన్న కోరికలు చాలా ఉన్నాయి, ఎవరూ అడగరు. మీ కిటికీ ఎదురుగా ఉన్న ఆయన గోడకి మీ ఖర్చుతో తెల్ల రంగు వేయించుకోనివ్వమని అడగండి, గది వెలుతురులో తేడా కళ్లకి కనపడుతుంది. ఆయన ట్యాంకు ఇంకో మూలకి జరపమని, బాత్రూం వెంటిలేటర్ మీ వంటిల్లు వైపు కాకుండా పెట్టమని, ప్లాన్ గీస్తున్నప్పుడే అడిగితే ఆయనకి పైసా ఖర్చు లేదు.

ఒప్పుకున్నాక రాసుకోవాలి. హద్దు ఇక్కడ అని ఒప్పుకుని స్కెచ్ జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టడం ఒక మెట్టు. నేల ఒకరి నుంచి ఒకరికి మారితే మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం 100 రూపాయలు దాటిన స్థిరాస్తి హక్కు మారాలంటే దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే. చూపు కూడా ఇలాగే కొనుక్కోవచ్చు. "ఈ భాగంలో ఇంత ఎత్తు దాటి కట్టను" అని పక్కాయన డబ్బు తీసుకుని రాసిస్తే, అది రిజిస్టర్ అయితే, ఆ సంగతి తెలిసి తర్వాత కొన్నవాడి మీద కూడా ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షన్ కింద పట్టుబట్టొచ్చు. ఖర్చుతో కూడిన పనే, కానీ చెరువు వైపు చూపు మీకు అంత ముఖ్యమైతే చట్టం చూపించే నిజమైన దారి ఇది.

## మీడియేషన్, లోక్ అదాలత్

మాటలు కుదరలేదు, కానీ కేసు వేయాలంటే మనసొప్పట్లేదు అనుకునేవాళ్లకి ఇది. హెచ్. సిద్ధయ్య రోడ్డులో ఉన్న న్యాయదేగుల భవనంలో హైకోర్టు ఆధ్వర్యంలో బెంగళూరు మీడియేషన్ సెంటర్ 2007 నుంచి నడుస్తోంది. సివిల్ కేసు వేశాక కోర్టే చాలా తగువుల్ని అక్కడికి పంపిస్తుంది. కేసు వేయకముందే న్యాయసేవా ప్రాధికారం దగ్గర దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌కి కూడా వెళ్లొచ్చు.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువుంది, దాని మీద అప్పీలు లేదు, కోర్టులో కట్టిన ఫీజు తిరిగొస్తుంది. అప్పీలు లేకపోవడం రెండు వైపులా పదునున్న సంగతే, సంతకం పెట్టేముందు స్కెచ్ మీద కొలతలు అడుగులూ అంగుళాలతో సహా ఉన్నాయో లేదో చూసుకోండి. "ఉభయులూ సామరస్యంగా ఉండెదరు" లాంటి వాక్యాలతో రాజీ రాసుకుంటే ఆర్నెల్లలో మళ్లీ అక్కడికే వస్తారు.

## కార్పొరేషన్ ఫిర్యాదు

2025 సెప్టెంబరు నుంచి పాత నగర పాలక సంస్థ బీబీఎంపీ లేదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి: సెంట్రల్, నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్. మీ ఇల్లు ఏ కార్పొరేషన్ కిందకి వస్తుందో చూసుకుని అక్కడి ఇంజనీర్‌కి రాయాలి, పాత ఆఫీసు చిరునామాకి పంపిన ఫిర్యాదు టేబుళ్లు మారుతూ కూర్చుంటుంది.

ఈ దారికి ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే మీకు 20 ఏళ్ల హక్కు అక్కర్లేదు. నిన్న ఇల్లు కట్టుకున్నవాళ్లు కూడా పక్కాయన సెట్‌బ్యాక్ వదల్లేదని, ప్లాన్‌లో లేని అంతస్తు వేస్తున్నాడని ఫిర్యాదు చేయొచ్చు. కొత్త లేఅవుట్లలో వెలుతురు కాపాడుకోవడానికి పనికొచ్చే ఆయుధం సెట్‌బ్యాకే. ఆయన ఒక మీటరు వదలాల్సినచోట వదిలితే మీ కిటికీకి ఊపిరి ఆడుతుంది.

ముందుగా ఆయన సాంక్షన్ ప్లాన్ (కార్పొరేషన్ ఆమోదించిన ప్లాన్) కాపీ సంపాదించండి. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి, ఆయన అభిప్రాయం అడగాల్సి వస్తే ఇంకో పది రోజులు పడుతుంది. ప్లాన్ చేతికొచ్చాక తేదీలున్న ఫొటోలతో, ఏ వైపు ఎంత వదలాలి ఎంత వదిలాడు అని రెండు వరుసల్లో రాసి ఇవ్వండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. "అక్రమ కట్టడం" అని ఒక్క ముక్క రాసిన ఫిర్యాదుకీ దీనికీ చాలా తేడా ఉంటుంది.

అయితే నోటీసు వెళ్లగానే గోడ కూలుతుందని ఆశపడకండి. ఆయనకి జవాబిచ్చే అవకాశం ఉంటుంది, తర్వాత ఆర్డర్, దాని మీద అప్పీలు, అప్పీల్లో స్టే. కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది, అది న్యాయమే, రేపు మీ ఇంటికి నోటీసొచ్చినా ఆ 15 రోజులు మీకూ కావాలి. ఎన్నిసార్లు రాసినా ఫైలు కదలకపోతే, ఫిర్యాదు మీద నిర్ణయం తీసుకోమని కార్పొరేషన్‌ని ఆదేశించాలంటూ హైకోర్టులో రిట్ వేయడం ఇక్కడ మామూలే, అప్పుడు మీ దగ్గరున్న ఆ ముద్ర వేసిన కాపీలే సాక్ష్యం.

## సివిల్ కోర్టు

నేల పోతున్నవాళ్లూ, పాత ఇంటి పాత కిటికీ మూసుకుపోతున్నవాళ్లూ మాటలు విఫలమైతే ఆలస్యం చేయకుండా వెళ్లాల్సిన చోటు ఇది. బెంగళూరు నగరంలో సివిల్ దావాలు సిటీ సివిల్ కోర్టుకి వెళ్తాయి. మొదట అడిగేది తాత్కాలిక ఇంజంక్షన్, జనం స్టే అనేది దీన్నే. కోర్టు మూడు చూస్తుంది: పైకి చూస్తే మీ కేసులో పస ఉందా, ఆపితే ఎవరికి ఎక్కువ కష్టం, ఆపకపోతే తర్వాత డబ్బుతో పూడ్చలేని నష్టం జరుగుతుందా. శ్లాబ్ పడకముందు ఈ మూడూ మీ వైపు మొగ్గొచ్చు. పడ్డాక కష్టం ఆయన వైపు ఎక్కువవుతుంది, కొంచెం నేలే అయితే కూల్చడం బదులు నష్టపరిహారం ఇప్పించే అవకాశమూ పెరుగుతుంది.

హద్దు గొడవైతే కోర్టు కమిషనర్‌ని వేయించమని అడగండి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 26 రూల్ 9 కింద కమిషనర్ సర్వేయర్‌తో వచ్చి కొలిచి రిపోర్టు ఇస్తాడు, ఇలాంటి కేసుల్లో సగం బరువు ఆ రిపోర్టుదే. వెలుతురు కేసైతే ఇల్లు ఎప్పుడు కట్టారో, ఆ కిటికీ అప్పటినుంచీ అక్కడే ఉందో చూపించే కాగితాలు కావాలి: పాత ప్లాన్, మొదటి కరెంటు బిల్లు, పన్ను రసీదులు, గృహప్రవేశం ఫొటోలో వెనక కనపడే కిటికీ కూడా.

మీరే కట్టేవాళ్లు, పక్కాయనే స్టే తెచ్చేలా ఉన్నాడు అనుకోండి. అదే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ సెక్షన్ కింద కేవియట్ వేసుకోండి, 90 రోజులు ఉంటుంది, మీ మాట వినకుండా ఆర్డర్ రాకుండా కాపాడుతుంది. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి, శ్లాబ్‌కి ముందు పని ఆగిపోతే ఎంత నష్టమో కట్టినవాళ్లకి తెలుసు.

కోర్టు దారిలో అసలు ఖరీదు లాయర్ ఫీజు కాదు. తీర్పు వచ్చేదాకా అదే గోడ పక్కన, అదే మనుషుల మధ్య బతకాలి. పిల్లలు కలిసి ఆడుకోవడం మానేస్తారు, ఉగాది పచ్చడి గిన్నె గోడ దాటదు. నేల కోసం అయితే ఆ ఖరీదు పెట్టాలనే నేనంటాను. చూపు కోసం అయితే వద్దనే అంటాను.

## మిగిలినవి

పోలీసుల గురించి రెండు మాటలు చాలు. రాత్రికి రాత్రి వచ్చి మీ ఫెన్సింగ్ పీకేస్తుంటే, మనుషుల్ని పెట్టి బెదిరిస్తుంటే 112కి ఫోన్ చేయండి, ఫిర్యాదు రాసివ్వండి, రసీదు తీసుకోండి. అంతవరకే. హద్దు ఎవరిదన్నది సివిల్ గొడవ, స్టేషన్‌లో కూర్చోబెట్టి చేయించే పంచాయతీకి చట్టబలం లేదు. కొట్లాట జరిగేలా ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ జోక్యం చేసుకుంటాడు, కానీ అక్కడ తేలేది ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందన్నదే.

అడ్డం వచ్చింది గోడ కాక చెట్టయితే గొడ్డలి పట్టుకోకండి. కర్ణాటకలో 1976 చెట్ల పరిరక్షణ చట్టం ప్రకారం నగరంలో చెట్టు కొట్టాలంటే, అది సొంత స్థలంలో ఉన్నా, ట్రీ ఆఫీసర్ అనుమతి కావాలి.

ఇంటినే మార్చుకోవడం ఓటమి అనుకునేవాళ్లున్నారు, నేను అలా అనుకోను. పక్కాయన రూల్ ప్రకారమే కట్టాడు, మీ ఇంటికి 20 ఏళ్లు లేవు, అప్పుడు డాబాలో స్కైలైట్ పెట్టించుకోవడం, మెట్ల పక్కన గాజు ఇటుకలు వేయించుకోవడం, వంటిల్లు రోడ్డు వైపుకి మార్చుకోవడం మీద పెట్టే డబ్బు వకాలత్ మీద పెట్టేదానికంటే ఎక్కువ వెలుతురు ఇస్తుంది.

## మీరు ఎవరైతే ఏది

కొత్త లేఅవుట్‌లో ఇంకా ఇల్లు మొదలుపెట్టనివాళ్లయితే, చుట్టూ ఉన్న ఖాళీ సైట్లన్నీ రేపు నిండుతాయనుకుని, మూడు వైపులా గోడలే వస్తాయనుకుని ప్లాన్ గీయించండి. వెలుతురు రోడ్డు వైపు నుంచీ మీ సొంత సెట్‌బ్యాక్ నుంచీ పైనుంచీ రావాలి. పక్క సైట్ మీద నుంచి వచ్చే వెలుతురు అప్పుగా వచ్చిందే.

పాత ఇంట్లో పెద్దవాళ్లు ఉంటుంటే, ఈ వారంలోనే కిటికీల ఫొటోలు తీసి, పాత కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టండి. పక్క ఇల్లు అమ్ముడైందని తెలిసిన రోజు కొన్నవాళ్లకి మర్యాదగా ఒక ఉత్తరం ఇవ్వండి, మా కిటికీలు ఇవి, ఇన్నేళ్లుగా ఉన్నాయి, ప్లాన్ గీసేటప్పుడు చూసుకోండి అని. బిల్డర్లు కూడా స్టే భయం ఉన్నచోట ప్లాన్ కొంచెం సర్దుకుంటారు.

అద్దెకి ఉంటే ఓనర్‌కి రాతపూర్వకంగా చెప్పండి, మీ పేరున తగువు నెత్తికెత్తుకోకండి.

ఫ్లాట్ కొంటున్నవాళ్లు లేక్ వ్యూ అని చదరపు అడుగుకి ఎక్కువ కడుతుంటే ఒక్కటే అడగండి: మీ బాల్కనీకీ చెరువుకీ మధ్య ఉన్న నేల ఎవరిది? అది అదే బిల్డర్ ప్రాజెక్టులో భాగమైతే, 2016 రెరా చట్టం మీకు అండ. సాంక్షన్ ప్లాన్ మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండొంతుల మంది రాతపూర్వక సమ్మతి కావాలి (14వ సెక్షన్), ప్రకటనలో అబద్ధం చెప్పి కొనిపిస్తే పరిహారం అడగొచ్చు (12వ సెక్షన్). అందుకే బ్రోషర్ పారేయకండి, సేల్స్ అబ్బాయి వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి, అగ్రిమెంట్‌లో వ్యూ మాట ఉండేలా పట్టుబట్టండి. ఆ నేల ఇంకెవరిదో అయితే రేపు అక్కడ 20 అంతస్తులు లేచినా మీ బిల్డర్‌ని ఏమీ అనలేరు. చెరువు చుట్టూ బఫర్ (కట్టడాలు కట్టకూడని జాగా) ఉంటుంది కదా అని ధీమా పడకండి, 2016లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాన్ని 75 మీటర్లు చేస్తే 2019లో సుప్రీంకోర్టు ఆ ఆదేశం కొట్టేసింది. పైగా బఫర్ ఎంతున్నా దాని అవతల కట్టుకోవచ్చు. వ్యూ కోసం ఎక్కువ డబ్బు కట్టొద్దని నేను గట్టిగా చెప్తాను, వ్యూ ఉంటే సంతోషం, ధర మాత్రం అది లేదనుకుని మాట్లాడుకోండి.

హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటూ ఇక్కడ ఖాళీ సైట్ పెట్టుకున్నవాళ్ల గురించే నాకు ఎక్కువ టెన్షన్. రాతి కడీలు నాటి ముళ్లతీగ చుట్టి వదిలేస్తారు, ఏడాదికోసారి కూడా చూడరు, ఈలోపు కడీలు రెండడుగులు ఇటు జరుగుతాయి. మిమ్మల్ని ఇలా స్వాధీనం నుంచి తప్పిస్తే, యాజమాన్యం నిరూపించాల్సిన పని లేకుండా స్వాధీనం ఒక్కటే చూపించి వెనక్కి తెచ్చుకునే దావా స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్‌లో ఉంది. ఆ దావాకి గడువు ఆరు నెలలే, అది కూడా మీకు తెలిసిన రోజు నుంచి కాదు, కడీలు జరిగిన రోజు నుంచి. కాబట్టి దగ్గర్లో ఉన్న బంధువునో స్నేహితుడినో అడిగి మూడు నెలలకోసారి నాలుగు మూలల నుంచీ ఫొటోలు తీయించుకోండి, ఫొటోలో రోడ్డూ పక్క ఇల్లూ కనపడాలి.